పదకొండు రాత్రుల బోర్డింగ్, నలభై అయిదు రోజుల పని

మా ప్రయాణం 12 రోజులు, అంటే మా కుక్క బోర్డింగ్‌లో, డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే చోట, ఉండేది 11 రాత్రులు. దాని సంగతి ముందే చెప్పేస్తే మిగతాదంతా ఎందుకలా జరిగిందో తేలిగ్గా అర్థమవుతుంది. మగది, ఆరేళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బరువు 27.4 కిలోలు. ఫిట్స్ ఉన్నాయి. ఫీనోబార్బిటాల్ మాత్ర ఉదయం ఎనిమిదింటికి ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి పడాలి. రెండేళ్ళుగా ఫిట్ రాలేదు గానీ, ఈ మందు ఉన్నట్టుండి ఆగిపోతే ఆ ఆగడమే ఫిట్ తెప్పిస్తుంది. పైగా ఈ మందు వేసుకునే కుక్కకి ఆకలి, దాహం, మూత్రం మూడూ ఎక్కువే. రాత్రి పదిన్నరకి ఒకసారి బయటికి తీసుకెళ్ళకపోతే తెల్లారేసరికి పక్క తడిసిపోయి ఉంటుంది.

ఏ జబ్బూ లేని కుక్కకి ఇందులో సగం పని చాలు. కానీ ఆ సగం కూడా చివరి వారంలో తెమిలేది కాదు. ఎందుకో టీకాల దగ్గర చెప్తాను.

ప్రయాణానికి 45 రోజుల ముందు: ఫోన్లు

తొమ్మిది చోట్లకి ఫోన్ చేశాం. గదుల సైజు, ఏసీ, ఈత కొలను లాంటివేవీ అడగలేదు, అవన్నీ వాళ్ళే చెప్తారు. మేం అడిగినవి మూడే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆవరణలో మనిషి ఉంటారా? మాత్రలు ఎవరు వేస్తారు, వేశాక ఎక్కడ రాస్తారు? ఈమధ్య ఏ కుక్కకైనా దగ్గో విరేచనాలో వస్తే ఏం చేశారు?

మొదటి ప్రశ్నకే నాలుగు పేర్లు కొట్టేశాం. ఇద్దరు "కెమెరాలు ఉన్నాయండీ" అన్నారు. కెమెరా ఫిట్‌ని రికార్డు చేస్తుంది, అంతే. తెల్లారి ఆ వీడియో చూసి చేసేదేముంది? ఇంకో ఇద్దరు "రాత్రి తొమ్మిదికి లైట్లు తీసేస్తాం, అవి హాయిగా పడుకుంటాయి" అన్నారు. ఎవరు ఉంటారని మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పారు, ఎవరూ ఉండరని. దాచాలన్న ఉద్దేశం కాదు, ఎవరూ అడగరు కాబట్టి వాళ్ళు చెప్పరు.

మూడో ప్రశ్నకి "మా దగ్గర ఇంతవరకూ ఏ కుక్కకీ ఏమీ రాలేదు" అన్నవాళ్ళు మరో ఇద్దరు. వాళ్ళనీ తీసేశాం. పది కుక్కలు ఒకచోట చేరితే ఎప్పుడో ఒకప్పుడు దగ్గు రాక మానదు. వచ్చిందనే చోట వేరే గది ఉంటుంది, ఆ గదికి వేరే చీపురు, వేరే గిన్నెలు ఉంటాయి, ఇంటివాళ్ళకి ఫోన్ వెళ్తుంది. రాలేదనే చోట వచ్చిన రోజున ఏం చేయాలో ఎవరూ అనుకుని ఉండరు.

మనింటికే వచ్చి చూసుకునే మనిషిని పెట్టుకోవడం కూడా ఆలోచించాం. కుక్కకి చోటు మారదు, అది నిజంగా పెద్ద లాభం. కానీ రోజుకి మూడుసార్లు వచ్చి వెళ్ళే పద్ధతిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా కుక్క ఒక్కటే ఉంటుంది. రాత్రి అక్కడే పడుకునే మనిషి దొరికితే మా ఓటు దానికే పడేది. దొరకలేదు.

38 నుంచి 36: మూడు చోట్లు చూడటం

మిగిలిన మూడింటిలో రెండు కెన్నెల్స్ (వరస గదుల్లో కుక్కల్ని ఉంచే చోట్లు), ఒకటి ఒకావిడ తన ఇంట్లోనే నాలుగు కుక్కలకి మించకుండా చూసుకునే చోటు. ఒక్కోచోట గంట గడిపాం. కుక్కని వెంట తీసుకెళ్ళలేదు. టీకాల సంగతి తేలకుండా తీసుకెళ్ళకూడదు, తీసుకెళ్తే మన చూపంతా దాని మీదే ఉంటుంది కూడా.

వాసన నిలబడి చూస్తే తెలియదు. వంగి, కుక్క ముక్కు ఉండే ఎత్తులో పీల్చి చూడాలి. మూత్రం తాలూకు ఘాటు అక్కడే నిలిచి ఉంటుంది. మొదటి కెన్నెల్‌లో ఘాటు లేదు గానీ అగరొత్తుల దుకాణంలో అడుగు పెట్టినట్టు సువాసన. దాన్ని నేను మూత్రం వాసన కన్నా చెడ్డ గుర్తుగా లెక్కేస్తాను. ఏం పెట్టి కడుగుతారని అడిగితే డబ్బా చూపించారు: క్వాటర్నరీ అమోనియం రకం క్రిమినాశని. నేల శుభ్రంగా కనిపించడానికి సరిపోతుంది గానీ కుక్కలకి నెత్తురు విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మీద దాన్ని నమ్ముకోలేం. ఆ వైరస్ నెలల తరబడి నేలలో బతికి ఉంటుంది. దానికి ముందు మలం, మట్టి పూర్తిగా తీసేసి, ఆ తర్వాత ఒక వంతు బ్లీచ్‌కి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా వదిలేయాలి. రెండో కెన్నెల్‌లో ఆ పది నిమిషాల కోసం గోడకి టైమర్ తగిలించి ఉంది. గోడ మీది సర్టిఫికెట్లు చదవలేదు గానీ ఆ టైమర్ చూశాక మనసు కొంచెం కుదుటపడింది.

తర్వాత చూడాల్సింది కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయని. మొదటి చోట కాలవ ఒకటే, అన్ని గదుల ముందు నుంచీ పారుతోంది. మొదటి గదిలో విరేచనం అయితే ఆ నీళ్ళు ఎనిమిదో గది దాకా వెళ్తాయి. గదికీ గదికీ మధ్య వల మాత్రమే ఉంది కాబట్టి పక్క కుక్కతో ముక్కుకి ముక్కు తగులుతుంది. దగ్గు అంటుకునే దారి అదే. రాత్రంతా వలకి అటూ ఇటూ నిలబడి అరుచుకునే దారీ అదే. రెండో చోట నాలుగడుగుల దాకా గోడ, ఆ పైన వల.

గడియలు కూడా చేత్తో ఎత్తి చూశాను. పైకి లేపితే తెరుచుకునే రకం గడియని తెలివైన కుక్క ముక్కుతోనే లేపుతుంది, దానికి అడ్డంగా ఒక కొక్కెం ఉండాలి. వీధి వైపు రెండు గేట్లు ఉండాలి, ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. మేం చూసిన రెండు కెన్నెల్స్‌లోనూ రెండు గేట్లున్నాయి. మొదటి చోట సామాను దించుతున్నారని రెండూ బార్లా తెరిచిపెట్టారు.

ఆటస్థలంలో ఒక్క మనిషి చూపు కింద పది, మహా అయితే పదిహేను కుక్కలు. అంతకు మించితే ఆ మనిషి చూడటం మానేసి లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. చిన్నవాటినీ పెద్దవాటినీ కలపకూడదు. గుంపులో ఎముకలు, తిండి ఉండకూడదు. రెండో చోట మేం వెళ్ళినప్పుడు పదకొండు కుక్కలకి ఒకమ్మాయి ఉంది. ఫోన్ జేబులో ఉంది. ఒక కుక్క ఇంకోదాన్ని మూలకి నెట్టుతుంటే పిలవకుండా, అరవకుండా మధ్యలోకి నడిచి వెళ్ళి నిలబడింది. పని తెలిసిన మనిషి అని అక్కడే తెలిసింది.

ఇంట్లో చూసుకునే ఆవిడ దగ్గర కుక్కలు సోఫాల మీద నిద్రపోతున్నాయి, అరుపుల్లేవు. కెన్నెల్‌లో అన్నీ ఒకేసారి మొరిగితే శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, దానితో పోలిస్తే అది స్వర్గం. చాలా కుక్కలకి అదే సరైన చోటు, మనసు కూడా అటే లాగింది. "మీకు జ్వరం వస్తే వీటిని ఎవరు చూస్తారండీ?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి "అక్కని పిలుస్తా" అంది. ఆ అక్క ఎప్పుడూ కుక్కకి మాత్ర వేయలేదు. ఇంటికి ప్రహరీ నడుం ఎత్తే. రాత్రంతా ఆవిడ పక్కనే ఉంటుంది, అది కెన్నెల్ కన్నా మేలు. కానీ ఆ ఒక్క మనిషికి ఏదన్నా అయితే వెనక ఎవరూ లేరు. రెండు రోజులు తేల్చుకోలేకపోయాం, చివరికి రెండో కెన్నెల్ ఖాయం చేశాం. అక్కడ రాత్రి పది నుంచి ఆరు దాకా ఒక మనిషి కుక్కల గదుల పక్కనే పడుకుంటాడు, రెండు గంటలకి ఒకసారి లేచి తిరిగి పలక మీద టైము రాస్తాడు. పాత పలకలు అడిగితే చూపించారు. ఒక రాత్రి 4 గంటల గడి ఖాళీగా ఉంది. అన్ని గళ్ళూ ఒకే చేతిరాతతో నిండి ఉంటే అనుమానించేదాన్ని, ఆ ఖాళీ గడి చూసి నమ్మాను.

33 రోజుల ముందు: డాక్టర్ దగ్గర

ఇక్కడే అందరూ బోల్తా పడేది. టీకాల పుస్తకం తెరిచి చూస్తే రేబిస్, డిస్టెంపర్-పార్వో టీకాలు గడువులోనే ఉన్నాయి. లెప్టో (ఎలుకల మూత్రం నుంచి సోకే జబ్బుకి వేసేది) మాత్రం దాటిపోయింది, అదీ చాలా నెలలు. ఆ టీకా రక్షణ ఏడాదే. బాగా ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచి రెండు డోసులు వేయాలి, మధ్య రెండు నుంచి నాలుగు వారాలు. మాకు మూడు వారాలు చెప్పారు. చాలా రోజులు ఉంచే బోర్డింగ్‌కి కెన్నెల్ వాళ్ళ నిబంధన, రెండో డోసు అయ్యాక వారం గడవాలి. కలిపితే 28 రోజులు. మా చేతిలో 33 ఉన్నాయి. ఇంకో వారం బద్ధకించి ఉంటే ఊరు వెళ్ళేది కుక్కతోనే.

కెన్నెల్ దగ్గుకి వేసేది బోర్డెటెల్లా టీకా. ముక్కులో చుక్కలుగా వేసేది ఒక్క డోసుతో మూడు రోజుల్లో పనిచేయడం మొదలుపెడుతుంది. ఇంజెక్షన్ రకమైతే మొదటిసారి రెండు డోసులు పడాలి. ముక్కు చుక్కలు వేయించాం. అందులో ఉండేది బలం తగ్గించిన బతికున్న క్రిమి కాబట్టి కొన్ని కుక్కలకి నాలుగు రోజులు తుమ్ములు, చిన్న దగ్గు వస్తాయి. మా వాడికి మూడో రోజున మొదలై రెండు రోజుల్లో పోయాయి. ఈ టీకాని దించే ముందురోజు వేయించుకుని వెళ్తే, దగ్గుతున్న కుక్కని గేటు దగ్గరే వెనక్కి పంపించేస్తారు. టీకా వేసుకున్నా దగ్గు అసలు రాదని కాదు. దగ్గుకి కారణమయ్యే క్రిములు చాలా ఉన్నాయి, టీకా ఉంటే వచ్చినా తేలిగ్గా పోతుంది.

పిడుదుల మందు దగ్గర ఇంకో మెలిక. కెన్నెల్ వాళ్ళ కాగితంలో "నెలకోసారి వేసే నమిలే మాత్ర తప్పనిసరి" అని ఉంది. అఫాక్సొలానర్, ఫ్లురలానర్ లాంటి ఆ కుటుంబం మందులతో కొన్ని కుక్కలకి వణుకు, ఫిట్స్ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఫిట్స్ ఉన్న కుక్కకి అవి వద్దని డాక్టర్ గారు మెడ మీద పోసే ఫిప్రొనిల్ రాసి, దానికో ఉత్తరం ఇచ్చారు. ఉత్తరం చూపిస్తే కెన్నెల్ వాళ్ళు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఫిప్రొనిల్ పోసే రోజుకి ముందూ వెనకా రెండేసి రోజులు స్నానం కూడదు. ఇది రాసి ఇవ్వకపోతే వాళ్ళు మర్యాదకి స్నానం చేయించేస్తారు.

మలపరీక్ష ఫలితం రెండు రోజుల్లో వచ్చింది, పురుగులూ, పేగుల్లో చేరే గియార్డియా అనే పరాన్నజీవీ లేవు. మెడ దగ్గర చర్మం కింద ఉండే గుర్తింపు మైక్రోచిప్‌ని స్కానర్ పెట్టి చదివారు, 15 అంకెలూ సరిగ్గా వచ్చాయి. కానీ ఆ నంబరు కింద నమోదై ఉన్న ఫోన్ మేం ఎప్పుడో వదిలేసినది. చిప్ ఉందని ఇన్నేళ్ళు నిశ్చింతగా ఉన్నాం. మార్చడానికి పది నిమిషాలు పట్టింది.

26: పరిచయం, 18: ఒక్క రాత్రి పరీక్ష

పరిచయం నలభై నిమిషాలు. ముందు మమ్మల్ని గదిలోంచి బయటికి పంపారు. నెమ్మదైన ఆడకుక్క ఒకదాన్ని కంచెకి అవతల నడిపించారు, తర్వాత రెండింటినీ బెల్టులతో పక్కపక్కన నడిపించారు, ఆఖరున బెల్టు వదిలారు. అద్దంలోంచి చూశాం. మా వాడు పెదాలు నాక్కోవడం, ముందుకాలు ఒకటి ఎత్తి నిలబడటం, నిద్ర రాకపోయినా ఆవులించడం, అన్నీ బెరుకు గుర్తులే. పది నిమిషాలకి ఒళ్ళు వదులైంది. తిండి గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమంటాడని మేమే చెప్పాం. ఇలాంటివి దాస్తే చేర్చుకుంటారేమో గానీ, ఆ తర్వాత కరిచేది ఎవరినో ఒకరిని. చెప్పినందుకు జరిగిందల్లా, గదిలో ఒంటరిగా తినిపించాలని కార్డు మీద ఎర్ర అక్షరాలతో రాసుకోవడమే.

పరీక్ష రాత్రి మా డబ్బుతోనే, ఒక రోజు పూర్తి రేటు. ఉదయం పదికి దించి మర్నాడు పదకొండుకి తెచ్చుకున్నాం. కాగితం మీద రాత్రి తిండి వదిలేశాడనీ, ఉదయం సగం తిన్నాడనీ, రెండు మాత్రలూ వేశామనీ ఉంది. మొదటి రాత్రి తినకపోవడం మామూలే, దానికి కంగారు పడలేదు. ఇంటికొచ్చి దుప్పటి విదిలిస్తే సగం కరిగిన మాత్ర ఒకటి కింద పడింది.

కాళ్ళలో బలం పోయినట్టయింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే రెండు మాత్రలు కలిపి మాత్రం వేయొద్దు, రాత్రిది ఎప్పటి టైముకే వేయండి, దగ్గరుండి చూడండి అన్నారు. రాత్రంతా మేలుకున్నాం. ఫిట్ రాలేదు.

కెన్నెల్‌కి ఫోన్ చేసేటప్పుడు ఇక వద్దని చెప్పడానికే చేశాను. అక్కడి పెద్దాయన అడ్డం మాట్లాడలేదు. అరగంటలో తిరిగి ఫోన్ చేసి, "కెమెరా చూశానమ్మా, ఉదయం ఎనిమిదీ అయిదుకి వేసింది ఉమ్మేశాడు, మా పనివాడు అప్పటికే వెనక్కి తిరిగాడు. తప్పు మాదే" అన్నాడు. ఏ మాత్రో, ఎన్ని గంటలదో అరగంటలో చెప్పగలిగారంటే వ్యవస్థ ఉందన్నమాట, పాటించడంలో జారారు. అందుకే చోటు మార్చలేదు, పద్ధతి మార్పించాం. మెత్తని తిండి ముద్దలు మూడు చేయాలి. మొదటిది ఉత్తది, రెండోదాంట్లో మాత్ర, అది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు చూపించాలి. మూడోదాని మీద ఆశతో రెండోది గుటుక్కున మింగేస్తాడు. ఆ తర్వాత రెండు నిమిషాలు అక్కడే నిలబడాలి. కాగితం మీద "ఇచ్చాం" గడి పక్కన "మింగాడు" అని ఇంకో గడి గీయించాం, సంతకంతో. ఏ బోర్డింగ్‌లోనైనా మాత్రలు వేయించాల్సి వస్తే ఆ రెండో గడి అడగండి. ఒక్క గడే ఉంటే వాళ్ళు రాసేది తమ చేతి సంగతి, కుక్క గొంతు సంగతి కాదు.

ప్రయాణానికి 12 రోజుల ముందు లెప్టో రెండో డోసు అయింది.

10: ఒప్పందం

నాలుగు పేజీలు. గుంపులో ఆడేటప్పుడు తగిలే దెబ్బలకీ అంటుకునే జబ్బులకీ బాధ్యత తమది కాదని కెన్నెల్ వాళ్ళు పెట్టిన వాక్యం ఉంది. దానితో పోట్లాడలేదు. పోట్లాడి సాధించినవి వేరే. మేం ఫోన్‌కి అందకపోతే ఎవరికి చేయాలో రెండు పేర్లు. ఎంత ఖర్చు దాకా అడగకుండా వైద్యం చేయించవచ్చో ఒక అంకె. ఫిట్ అయిదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా మాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా ముందు ఆసుపత్రికి బయల్దేరాలని ఒక వాక్యం. ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రి తెరిచి ఉంటుందో లేదో వాళ్ళ ఎదుటే ఫోన్ చేసి కనుక్కున్నాం.

మూడో పేజీలో ఒక ప్రశ్న ఉంది: గుండె ఆగిపోతే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయాలా, వద్దా. అవును, కాదు, పక్కన సంతకం. దాని గురించి ఎవరూ ముందు చెప్పలేదు. పెన్ను పట్టుకుని అలా ఉండిపోయాం. ఇంట్లో మాట్లాడుకుని వెళ్ళడం మంచిది.

డబ్బు సంగతి. ఫోన్‌లో చెప్పిన రోజు రేటుని 11తో గుణించి పెట్టుకున్నాం. వాళ్ళు లెక్కేసేది రాత్రుల్ని కాదు, తేదీల్ని. దించిన రోజు, తెచ్చుకునే రోజు రెండూ లెక్కే, అంటే 12. మధ్యాహ్నం లోపు తెచ్చుకుంటే ఆఖరి రోజు సగమే, కానీ మేం చేరేది మూడింటికి. ఒక్కో మాత్ర వేసినందుకు రోజు రేటులో ఇరవయ్యో వంతు, అలాంటివి 22. రాత్రి పదిన్నర నడకకి పదో వంతు, 11 సార్లు. సెలవుల రద్దీ అని మూడు రోజులకి పాతిక శాతం అదనం. అన్నీ కలిపితే దాదాపు 15 రోజుల రేటు. టీకాలు, పరీక్షలు, ఆ పరీక్ష రాత్రి కలిపితే ఇంకో అయిదు రోజుల రేటు. తిండి మనదే అయినా తగ్గింపేమీ లేదు.

3: సర్దడం

ఎండు తిండి పూటకి 180 గ్రాములు. దించే రోజు సాయంత్రం నుంచి తెచ్చుకునే రోజు ఉదయం దాకా 22 పూటలు, ఆలస్యమైతే ఉంటాయని ఇంకో నాలుగు. 26 సంచులు, ఒక్కోటీ తూచి కట్టినది, మొత్తం 4.68 కిలోలు. పెద్ద డబ్బా, కొలత గ్లాసు ఇస్తే ఒక్కొక్కరి గ్లాసు ఒక్కోలా నిండుతుంది. సంచులుంటే ఎన్ని పూటలు తినలేదో మిగిలినవి లెక్కపెడితే తెలుస్తుంది. కొత్త తిండి మాత్రం ఈ సమయంలో మొదలుపెట్టకూడదు. మార్చాలంటే వారం రోజులు కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

మాత్రలు 28, మందుల దుకాణం చీటీ అంటించి ఉన్న అసలు డబ్బాలోనే. విడి డబ్బాలో పోసి ఇస్తే వాళ్ళకి అది ఏ మందో తెలిసే దారి లేదు. అత్యవసరానికి, ఫిట్ ఆపడానికి మలద్వారం గుండా ఎక్కించే డయాజిపామ్ ఇచ్చారు డాక్టర్ గారు. పని తేలికవుతుందని దాన్ని ముందే సిరంజిలోకి ఎక్కించి పెట్టబోయాను, ఆయన ఆపారు. ఆ మందు ప్లాస్టిక్‌కి అతుక్కుని బలం తగ్గిపోతుంది. గాజు సీసాలోనే ఉంచి, వెలుతురు తగలకుండా కాగితం చుట్టి, అప్పటికప్పుడే తీయాలి.

దుప్పటి ఉతకలేదు, ఇంటి వాసన కోసం. కొత్త పరుపు ఇవ్వాలనిపిస్తుంది గానీ ఒంటరిగా ఉన్న కుక్క కొత్త పరుపుని చీల్చి పీచు మింగితే అదో ఆపరేషన్.

దించిన రోజు

ఉదయం ఏడుకి తిండి, ఎనిమిదింటికి మాత్ర, తొమ్మిది దాకా నడక, పదికి గేటు. అప్పగింతకి ముప్పావు గంట పట్టింది: మాత్రలు ఇద్దరం కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయడం, బరువు తూచడం, ఒళ్ళంతా తడిమి పాత గాయాలు కాగితం మీద గుర్తు పెట్టడం. ఇది విసుగనిపించినా దగ్గరుండి చేయించుకోవాలి. లేకపోతే తర్వాత కనిపించే గీత ఎప్పటిదో తేలదు.

అప్పుడు బెల్టు వాళ్ళ చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా నడవాలి. అది తెలుసు. తెలిసినా గేటు దాకా వచ్చి ఇంకోసారి తల నిమరాలని వెనక్కి వెళ్ళాను. అప్పటిదాకా తోక ఊపుతున్నవాడు మూలగడం మొదలుపెట్టాడు. తప్పు నాదే.

ఆ 12 రోజులు

ఫోటోలు అడగలేదు. రోజుకి ఒకే సందేశం, అందులో నాలుగు సంగతులు: ఎంత తిన్నాడు, నీళ్ళు తాగాడా, మలం ఒకటి నుంచి ఏడు దాకా ఏ అంకె, మాత్రలు ఎన్నింటికి మింగాడు. ఒకటంటే గట్టి రాయి, ఏడంటే నీళ్ళు. మొదటి రెండు రోజులూ తిండి సగమే. మూడో రోజు మలం ఆరు, జిగటతో, కొద్దిగా నెత్తురు జీర. చదవగానే గుండె జారింది. కొత్త చోటి ఒత్తిడికి పెద్దపేగు వాచి ఇలా అవుతుంటుంది. కానీ పార్వో, గియార్డియా కాదని తేలేదాకా అది ఒత్తిడే అనుకోకూడదు. వాళ్ళు గుంపు నుంచి వేరుచేసి, మలం పరీక్షకి పంపి, మాకు ఫోన్ చేశారు. రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదు. అయిదో రోజుకి మూడుకి దిగింది. ఆ రెండు రోజులూ నీళ్ళ గిన్నె ఎన్నిసార్లు నింపారో కూడా రాశారు.

ఎనిమిదో రోజు అడక్కుండానే ఒక ఫోటో పంపారు, ఆటస్థలంలో అందరితో. అందరికీ ముచ్చటగా ఉండే ఫోటో. మా వాడి తల ఒకవైపు, చూపు ఇంకోవైపు, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తోంది, తోక కాళ్ళ మధ్య. విసిగిపోయిన కుక్క అది. రోజుకి రెండు గంటల ఆటని ఇరవై నిమిషాలకి తగ్గించి, మిగతాది ఒంటరి నడక చేయమన్నాం. మర్నాటి నుంచి తిండి పూర్తిగా తిన్నాడు. వీడియో కాల్ చేస్తారా అని అడిగారు, వద్దన్నాం. మన గొంతు వినిపించి మనిషి కనిపించకపోతే అది వెతుక్కుంటుంది, ఆ కాల్ మన ఊరటకే.

తెచ్చుకున్నాక

బరువు 26.5. తొమ్మిది వందల గ్రాములు, మూడు శాతం పైన. గరుకు సిమెంటు మీద తిరిగి వెనక పాదం మెత్త ఒకటి అరిగింది. గొంతు బొంగురు, మొరగబోతే గాలే వచ్చింది. బొంగురు గొంతుని దగ్గని పొరబడకుండా చూసుకోవాలి. దగ్గయితే ఏదో గొంతులో ఇరుక్కున్నట్టు పొడిగా, ఆఖరున కక్కబోయినట్టు ఉంటుంది.

ఇంటికి రాగానే గిన్నెడు నీళ్ళు గటగటా తాగి కక్కేశాడు. ఈ మందు వేసుకునే కుక్కకి నీళ్ళు ఆపకూడదు, కొద్దికొద్దిగా పది నిమిషాలకోసారి పోయాలి. మొదటి పూట తిండి సగమే పెట్టాం. తర్వాత ఒకటిన్నర రోజు నిద్ర. నిద్రలో కాళ్ళు కదిలిస్తుంటే ఫిట్టేమోనని లేచి చూడటం మా వంతు. పేరు పిలిస్తే కళ్ళు తెరిచాడు, కాబట్టి అది కలే.

దగ్గు అంటుకుంటే పైకి రావడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు కాబట్టి 14 రోజులు వీధి కుక్కలతో, పక్కింటి కుక్కతో కలవనివ్వలేదు. రాలేదు. గొంతు నాలుగో రోజుకి తెరుచుకుంది, పాదం వారానికి మానింది, బరువు మూడు వారాలకి 27.2 అయింది.

ఇచ్చిన మాత్రలు 28. డబ్బాలో తిరిగొచ్చినవి 6. దుప్పటి రెండుసార్లు విదిలించాం.